రెండు చీరల విహారయాత్ర

పూరీ,
సోమవారం, 16-7-2001.

పూజ్యులైన కూర్మారావు బావగారి పాదాలకు మీ ధనమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మద్రాసు హార్బరులో మీరు, మీతో బోటెక్కిన మన ఊరి వాళ్ళందరూ క్షేమమని, వేట బాగా సాగుతోందని గంగమ్మ తల్లి మీద భారం వేసి తలుస్తున్నాను.

నేను ఎంపీటీసీ మెంబరుగా గెలిచిన సంగతి అత్త మీకు ఫోనులో చెప్పే ఉంటుంది. కొత్తగా గెలిచిన మెంబర్లకు శ్రీ మురళీమోహన్ గారు తమ సొంత ఖర్చుతో విహారయాత్ర ఏర్పాటు చేశారు. పూరీ తీసుకొచ్చారు. మంచి హోటలు. గదిలో ఫ్యాను, తెల్లటి దుప్పట్లు, కిటికీ తీస్తే సముద్రం. పొద్దున్న పూరీ కూర, మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రి చపాతీ. జగన్నాథస్వామి దర్శనం కూడా అయింది.

సామాను ఎక్కువ తేవద్దన్నారు. రెండు చీరలు, ఒక సంచి, అంతే. మొదట కష్టం అనిపించింది గాని ఇప్పుడు చాలా హాయిగా ఉంది. మోయడానికి ఏమీ లేదు, సర్దడానికి ఏమీ లేదు.

మురళీమోహన్ గారు మమ్మల్ని సొంత చెల్లెళ్ళలా చూసుకుంటున్నారు. ఆయన మండల ప్రెసిడెంటు అయితే మన ఊరికి మంచి జరుగుతుందని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. మీరు నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తినండి.

ఇట్లు
మీ విధేయురాలు
ధనమ్మ


పూరీ,
శుక్రవారం, 20-7-2001.

బావా,

సోమవారం రాసిన ఉత్తరం అందే ఉంటుంది. ఆ ‘పూజ్యులైన’, ఆ ‘విధేయురాలు’ చూసి నీకు నవ్వు వచ్చిందో, భయం వేసిందో తెలియదు. నేను నిన్ను ‘మీరు’ అన్నానంటే ఏదో జరిగిందని నీకు తెలియాలి. పక్కన అప్పలసూరి నిలబడి ఉన్నాడు బావా. అతను మురళీమోహన్ గారి మనిషి, మాకు కాపలా. ఉత్తరం రాసి అంటించకుండా అతని చేతికి ఇవ్వాలి. అతను చదివి, ఫరవాలేదనుకుంటే పోస్టులో వేస్తాడు. దాన్ని నువ్వు బీడీ వెలిగించుకోవడానికి వాడుకో. ఇది వేరే దారిలో వస్తుంది. ఆ దారి గురించి తర్వాత చెబుతాను.

మొదట్నుంచి చెప్తాను విను. గెలిచిన వారంలోనే, పొద్దున్నే, ఇంటి ముందు తెల్ల సుమో ఆగింది. అప్పలసూరి దిగి, మెంబర్లందరికీ ఇశాపట్నంలో ట్రైనింగంట, గవర్మెంటోళ్ళు ఎట్టినారు, బేగి రండమ్మా అన్నాడు. గెలిచినవాళ్ళకు ట్రైనింగు ఉంటుందని మండలాఫీసులో నేనూ విన్నాను. నమ్మేశాను. అత్త అప్పుడే మూటలు కట్టడం మొదలుపెట్టింది. ఎండు నెత్తళ్ళు, చింతకాయ పచ్చడి, దుప్పటి, దిండు. నీ తల్లి సంగతి నీకు తెలుసు కదా, పక్క వీధికి పంపినా పెళ్ళికి పంపినట్టే పంపుతుంది. అప్పలసూరి గుమ్మంలో అడ్డం నిలబడి, అయ్యేటీ వొద్దు, రెండు సీరలు, ఒక సంచి, బండిలో సోటు లేదు అన్నాడు. ఆడకూతురు ఊరు దాటతంటే రెండు సీరలేటిరా అని అత్త అరిచింది. అతను వినలేదు.

నువ్వు మద్రాసు నుంచి తెచ్చిన నీలం చీర కట్టుకున్నాను. ఆకుపచ్చ చీర సంచిలో పెట్టుకున్నాను. తువ్వాలు, దువ్వెన, ట్రైనింగులో అడుగుతారేమోనని గెలిచిన సర్టిఫికెట్టు. నువ్వు ఎనిమిది నెలలకు వెళ్ళేటప్పుడు కూడా ఒక్క లుంగీలో మూట కడతావే, అది గుర్తొచ్చింది. మూట తేలిగ్గా ఉంటే తిరిగొచ్చే బుద్ధి ఉంటుందని అంటావు. నేనేమో నీతో పోట్లాడి అందులో ఇంకో నాలుగు దూర్చేదాన్ని. ఈసారి నా మూట తేలిగ్గా ఉంది గాని, అది నేను తేలిక చేసుకున్నది కాదు.

బండి పలాస దగ్గర హైవే ఎక్కింది. నేను కుడి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. పొద్దుటి ఎండ నా కుడి చెంప మీద పడుతోంది. విశాఖపట్నం పోయే బండిలో పొద్దుటి ఎండ ఎడమ వైపు కదా రావాలి? అప్పలసూరిని అడిగితే, రోడ్డు బాగోలేదమ్మా, సుట్టు తిరిగి ఎల్తన్నాం అన్నాడు. సుట్టు తిరిగి తిరిగి ఇచ్ఛాపురం దాటాం. దుకాణాల మీద రాతలు ఒరియాలోకి మారాయి. అప్పుడు నా పక్కన కూర్చున్న కమల నవ్వి, ట్రైనింగేటి పిచ్చిదానా, ఇది క్యాంపు అంది.

కమల కూడా మెంబరే. పెద్ద రైతుల ఇంటి కోడలు, మా ఇద్దరిదీ ఒకే గది. క్యాంపంటే ఏమిటో ఆమే చెప్పింది. మండల ప్రెసిడెంటును మెంబర్లే చేతులెత్తి ఎన్నుకుంటారు కదా. ఆ రోజు దాకా మెంబర్లు అవతలి వాళ్ళ చేతిలో పడకుండా ఏదో ఊరు తీసుకెళ్ళి, హోటల్లో పెట్టి, తినబెట్టి, ఎన్నిక పూట తిన్నగా మండలాఫీసు ముందు దించుతారు. కోళ్ళను గంప కింద మూసినట్టు మూస్తారు బావా. గంప మాత్రం ఖరీదైనది.

ఇటు మురళీమోహన్ గారు, అటు జానకిరామ్ గారు. ఇద్దరికీ మెంబర్లు సరిసమానంగా ఉన్నారు. ఏ పార్టీ గుర్తూ లేకుండా గెలిచినదాన్ని నేనొక్కదాన్నే. నా చెయ్యి ఎటు లేస్తే ప్రెసిడెంటు అటు. గెలిచిన రోజు మన ఊళ్ళో పసుపునీళ్ళు చల్లుకుని గంతులేశామే, ఈ సంగతి అప్పుడు తట్టలేదు.

నన్ను ఎందుకు నిలబెట్టారో నీకు నేను చెప్పక్కర్లేదు. ఊరికీ సముద్రానికీ మధ్య మురళీమోహన్ గారి రొయ్యల చెరువులు. ఆ చెరువులకు ముళ్ళకంచె. తాతల నాటి రేవు దారి ఆ కంచెలో పోయింది. తడి బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ సరుగుడు తోపంతా చుట్టి వచ్చేసరికి చేప మెత్తబడిపోతుంది, సావుకారు సగం ధర కూడా ఇవ్వడు. అత్త కాళ్ళు ఎలా వాచిపోతున్నాయో నువ్వు కిందటిసారి చూసి వెళ్ళావు. నేను ప్రెసిడెంటునైతే మొట్టమొదట ఆ కంచె తీయిస్తాను అని జానకిరామ్ గారు గంగమ్మ గుడి ముందు అన్నాడు. సరే, అలాగైతే మా ఊరి చెయ్యి నీకే అని సన్యాసయ్య తాత ఊరి తరఫున మాట ఇచ్చాడు. నేను గంగమ్మ ముందు చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఊరి మాట తప్పిన ఇంటికి ఏం జరుగుతుందో నీకు తెలుసు. ఆ ఇంటి తెప్పకు ఎవరూ చెయ్యి వెయ్యరు, ఆ ఇంటి పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వరు.

ఇక్కడ నా బతుకు కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. తిండికి లోటు లేదు, బయటికి దారి లేదు. మెట్ల దగ్గర ఒకడు, వీధి గేటు దగ్గర ఒకడు, సముద్రం వైపు అప్పలసూరి. ఫోను దగ్గరికి వెళ్ళనివ్వరు. గుడికి తీసుకెళ్ళినప్పుడు కూడా ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే, బేగి తెరండమ్మా, టైమవుతంది అన్నారు. అన్నిటికన్నా పెద్ద బాధ ఏమిటో తెలుసా? సముద్రం కిటికీలోంచి కనిపిస్తుంది, వినిపిస్తుంది, వాసన వస్తుంది. కాలు తడుపుకోనివ్వరు. ఒకసారి మెట్లు దిగి అడిగాను. మీకు సముద్రం కొత్తేటమ్మా, లోపలికెల్లండి అన్నాడు అప్పలసూరి. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది.

అతను చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. ఆడవాళ్ళ ముఖంలోకి చూడడు. నేల చూస్తూ మాట్లాడతాడు. అందుకే మమ్మల్ని ముఖాలతో కాక చీరలతో గుర్తుపెట్టుకున్నాడు. తలకు రెండే చీరలు, గుర్తు పెట్టుకోవడం ఎంత సేపు? కమల అంటే పసుపు చీర, గళ్ళ చీర. నేనంటే నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ సీర భోజనానికి దిగిందేటి అని కింద నుంచి కేక వేస్తాడు. మా గది వసారాలో తాడు కట్టి ఉంది. ఆకుపచ్చ చీర తాడు మీద ఉంటే నీలం చీర గదిలో ఉన్నట్టు. నీలం తాడు మీద ఉంటే ఆకుపచ్చ లోపల ఉన్నట్టు. అతను కుర్చీలోంచి లేవకుండా, తల ఎత్తి తాడు చూసుకుంటే చాలు. రెండు చీరలే తెమ్మని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. బండిలో చోటుకేం, చాలానే ఉంది.

కమలకు మాత్రం ఇక్కడ బాగుంది. అదేమిటని అడిగితే, పెళ్ళైన కాడ్నుంచి నాను వండకుండా తిన్నది ఈడే, ఇంకో పది రోజులుంచినా ఉంటాను అంది. ఆమె మెంబరయింది కూడా భర్త పేరు చెప్పే. కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో ఆయన వేలు పెట్టి చూపిస్తాడట. నాకు ఈ హోటలు జైలు, ఆమెకు సెలవు. ఇద్దరం ఒకే మంచం మీద కూర్చుని ఒకే సముద్రం చూస్తాం.

ఇప్పుడు ఆ దారి సంగతి. వచ్చిన మర్నాడు పొద్దున్నే వసారాలో నిలబడి ఉంటే కింద వంటింటి గేటు దగ్గర ఒక ముసలామె గొంతు వినిపించింది. ఒలె, బుట్ట దించకే, ఆడు తూకం సరిగ్గా ఎయ్యడు అంటోంది. నా ఒళ్ళు జలదరించింది బావా. ఒరియా దేశంలో మన రేవు మాట! వంగి, అప్పా, ఏ ఊరు మీది అని అడిగాను. పెంటకోట అంది. పూరీ పక్కనే సముద్రం ఒడ్డున పెంటకోట అని పేట ఉంది, అక్కడంతా మనవాళ్ళే. తాతల నాడు వలలు భుజాన వేసుకుని వలస వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఈ ఒడ్డున వల లాగేది మనవాళ్ళే, యాత్రికులు మునిగిపోతుంటే దూకి లాగేది కూడా మనవాళ్ళేనట. ఆమె పేరు పెద్దతల్లి. మన ఊరి పేరు చెప్తే ఆమె బుట్ట కింద పెట్టేసింది. ఆమె తండ్రిది మన ఊరే. చిన్నప్పుడు మన ఊరి గంగమ్మ పండగకు వచ్చి మా అత్త కన్నమ్మతో గుజ్జనగూళ్ళు ఆడుకుందట. కన్నమ్మ కోడలివా, ఇలగ పైన ఏలాడతన్నావేటే అంది.

రోజూ ఈ హోటలు వంటింటికి చేపలు పోసేది ఆమే. ఆమె కొడుకు అప్పలస్వామి నా ఉత్తరాలు పోస్టు చేస్తానన్నాడు.

నువ్వు అడుగుతావు, అప్పలసూరి వినడా అని. వింటాడు. కాని అతని బుర్రలో ఒకటే ఉంది. ఇది ఒరిస్సా, ఇక్కడ చేపలమ్మేవాళ్ళు ఒరియావాళ్ళు. తెలుగు యాత్రికులకు అమ్మి అమ్మి తెలుగు నేర్చేసుకున్నారమ్మా, బలే తెలివైనోళ్ళు అని మాకే చెప్పాడు. మురళీమోహన్ గారు కూడా ఈ ఊరు ఎంచుకున్నది అందుకేనట, మన భాష తెలిసినవాడు ఉండడని. వాళ్ళ పొలాల పక్కనే, మన రేవులోనే బతుకుతున్నాం, మనవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక్కరోజు కూడా వాళ్ళకు అడగాలనిపించలేదు.

నిన్న ఆయనే వచ్చాడు. పెట్టెడు ఖాజాలు తెచ్చాడు. సెల్లమ్మా, పుట్టింటికొచ్చినట్టనుకో, నీకేం కావాలో అడుగు అన్నాడు. రేవు దారి కావాలి అన్నాను. నవ్వి, దానికేటమ్మా, కంచెకి గేటు ఎట్టించెత్తాను అన్నాడు. గేటుకి తాళం ఉంటాదా అని అడిగాను. ఉంటాది మరి, రొయ్యల సెరువులు కదా, మా వాచ్‌మన్ దగ్గరుంటాది, ఎప్పుడడిగితే అప్పుడు తీత్తాడు అన్నాడు. సముద్రానికి పోవడానికి వాచ్‌మన్‌ని అడగాలి బావా మనం. వెళ్తూ వెళ్తూ, ఊరి కట్టుబాటు గురించి బెంగెట్టుకోకు, నీ ఇంటి జోలికి ఎవుడొత్తాడో నేను సూసుకుంటాను అని కూడా అన్నాడు. మీ అత్త ఒక్కతే ఉంటంది కదా అని చివర్లో అన్నాడు. అది ధైర్యం చెప్పడమో, బెదిరించడమో నీకు అర్థం కావాలి. నాకు అర్థమైంది.

ఎల్లుండి ఎన్నిక. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయనకు ఎత్తితే ఊరు వెలేస్తుంది. ఎత్తకపోతే ఆయన మనుషులు ఊరుకోరు. రాత్రంతా ఆలోచించాను. నువ్వు ఇది చదివి బోటు వదిలేసి పరుగెత్తుకు రాకు. రెండు రోజుల్లో ఇదంతా అయిపోతుంది. చెయ్యెత్తమన్న చోట ఎత్తేసి ఇంటికి పోతాను. గేటు అన్నా వస్తుంది కదా అనుకుంటాను. నేను ఎక్కడికీ పోను, ఏ గొడవా చెయ్యను. ఇవాళ పొద్దున్నే రెండు చీరలూ కలిపి ఉతికి ఆరేశాను. ఒంటి మీద లంగా, జాకెట్టు, హోటలు వాళ్ళ దుప్పటి. ఇలా ఉన్నదాన్ని గడప దాటి ఎక్కడికి పోతాను చెప్పు?

నా మీద కోపం వద్దు. అత్తకు ఫోను చెయ్యి.

నీ
ధనమ్మ


తా.క.

బావా, ఇది మన ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పై ఉత్తరం అప్పలస్వామికి ఇవ్వలేదు. సర్టిఫికెట్టుతో పాటు మడిచి జాకెట్లో పెట్టుకుని నాతోనే తెచ్చేశాను.

చెయ్యెత్తేస్తానని రాసింది అబద్ధం. నేను ఇల్లు చేరకముందే ఉత్తరం నీ చేతికి అందితే నువ్వు కత్తి పట్టుకుని పూరీ బయల్దేరతావని అలా రాశాను. రెండు చీరలూ ఉతికి ఆరేశానన్నది మాత్రం నిజం. అప్పలసూరి పైకి చూశాడు. నీలం చీర తాడు మీద, ఆకుపచ్చ చీర తాడు మీద. మనిషి గదిలోంచి రాలేదని తేలిపోయింది. పైగా, అలా ఉన్న ఆడదాని గది వైపు చూడ్డం తప్పని తన కుర్చీ సముద్రం వైపు తిప్పుకున్నాడు.

ముందే అనుకున్నట్టు కమల వసారాలోంచి, ఎండుచేపలు కావాల, పైకి తే అని కేక వేసింది. పెద్దతల్లి బుట్టతో వంటింటి మెట్లు ఎక్కి వచ్చింది. ఒంటి మీద ఒక చీర మీద ఇంకో చీర చుట్టుకుని వచ్చింది. పై చీర విప్పి నాకు మన పద్ధతిలో గోచీ పోసి కట్టింది, చేపల నీళ్ళు కారే బుట్ట నెత్తిన పెట్టింది. ఎక్కింది ఒకరు, దిగింది ఇద్దరం. సంచి మంచం మీదే వదిలేశాను. సముద్రం వైపు వంటింటి గేటు దగ్గర అప్పలసూరి కుర్చీ దారికి అడ్డంగా ఉంది. తప్పుకో బాబూ, నీల్లు కారతన్నాయి అన్నాను. అతను కాళ్ళు పైకి తీసుకుని పక్కవాడితో, సూసినావా, ఈ ఒరియావోళ్ళు ఎంత బాగా తెలుగు మాటాడతన్నారో అన్నాడు.

కాళ్ళు తడిసేదాకా ఇసకలో నడిచాను. ఆ తర్వాతే ఏడ్చాను.

పాసింజరు బండిలో బుట్టల మధ్య కూర్చుని పెద్దతల్లీ నేనూ పలాసలో దిగాం. మన ఊరికి రాలేదు, ముందు వెతికేది అక్కడే కదా. ఎన్నిక రోజు ఆమెతో పాటు చేపల బుట్టతో మండలాఫీసు ముందు కూర్చున్నాను. మురళీమోహన్ గారు గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ, నీలం సీర గాని ఆకుపచ్చ సీర గాని కనపడితే వదలకండి అని మనుషులకు చెబుతున్నాడు. నా మీదుగా చూపు పోయింది. ఈ కంపేటి, ఆ సేపలోళ్ళని దూరంగా కూకోమను అన్నాడు. వేళ అయ్యాక లేచి, గేటు దగ్గరున్న పోలీసుకు సర్టిఫికెట్టు చూపించి లోపలికి వెళ్ళాను. ఆఫీసరు నా పేరు పిలిచాడు. ఉన్నాను అన్నాను. అప్పుడు తిరిగి, మొదటిసారి, నా ముఖం చూశాడు బావా మురళీమోహన్ గారు.

చెయ్యి ఊరు చెప్పిన వైపు లేచింది. జానకిరామ్ గారు ప్రెసిడెంటు అయ్యాడు. బయటికి రాగానే ఆయన మనుషులు ఇంకో సుమో తలుపు తీసి, సంబరంగా తిరపతి ఎల్దామమ్మా, రెండు సీరలు సర్దుకో అన్నారు. కంచె తీసినాక సూద్దాం అన్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అవుతాడేమోనని సన్యాసయ్య తాత అప్పటికే ఊరందరినీ వెంటబెట్టుకుని కంచె దగ్గర కూర్చున్నాడు. దీపాల వేళకు కంచె మొదటి రాటలు ఊడి వచ్చాయి. అత్త ఆ దారినే రేవుకు వెళ్ళి ఊరికే నిలబడి వచ్చింది. మురళీమోహన్ గారు ఊరుకుంటాడని అనుకోను, కాబట్టి నువ్వు ఈసారి కాస్త తొందరగా రా. మూట తేలిగ్గా కట్టుకో, నేనేమీ అనను.

ఒక్క మాట మిగిలింది. కమల మురళీమోహన్ గారికే చెయ్యి ఎత్తింది. కిటికీ బయట ఆమె భర్త నిలబడి చూస్తున్నాడు. తర్వాత అందరూ బండ్లు ఎక్కుతుంటే నా పక్కగా వస్తూ ఒక మూట నా చేతిలో పెట్టింది. నా రెండు చీరలు. సముద్రం గాలికి గంటలో ఆరిపోతన్నాయి ధనమ్మా, ఆరిపోతే నువ్వు కనపడాల కదా, రేత్రయ్యేదాకా బక్కెట్టుతో తడుపుతానే ఉన్నాను, సీకటడ్డాక తీసి నా సంచిలో దాసేసి, ఒకటి కట్టుకుని ఇంకోటి అట్టుకుని పోనాదని సెప్పినాను అంది. ఇంకేదో అనబోయింది. ఆమె భర్త వెనక నుంచి కేక వేశాడు. చీరలు ఇంకా తడిగానే ఉన్నాయి బావా. ఆమె వెళ్ళి ఆ తెల్ల సుమోలోనే కూర్చుంది.